పరవాడ రోడ్డు మీద పద్మిని



లంకెలపాలెం దగ్గర జాతీయ రహదారి వదిలి పరవాడ వైపు తిరిగారంటే ముందూ వెనకా అన్నీ పెద్ద బళ్లే. సింహాద్రి థర్మల్ కేంద్రం బూడిద మోసే బల్కర్లు, ఫార్మా సిటీకి వచ్చే ట్యాంకర్లు, కార్మికుల బస్సులు. ఒకపక్క 2000 మెగావాట్ల విద్యుత్ కేంద్రం, ఇంకోపక్క మందుల ఫ్యాక్టరీలు, ఇంకా ముందుకెళితే ముత్యాలమ్మపాలెం దగ్గర సముద్రం. దుమ్ము, బూడిద, ఉప్పుగాలి, బరువు బళ్లు తొక్కిన రోడ్డు. కారు కింది భాగానికి చేటు చేసేవన్నీ ఇక్కడ ఒక్కచోటే ఉన్నాయి. ఇలాంటి ఊళ్లో ఇంకా పాత ప్రీమియర్ పద్మిని నడుపుకుంటున్నవాళ్ల కోసం, ఒకటి కొని బాగుచేయించుకోవాలని ఆశపడుతున్నవాళ్ల కోసం ఈ ప్రసంగం. ముందు చక్రాలను పట్టుకుని ఉండే సస్పెన్షన్ ఆర్మ్‌లు తుప్పుపట్టినా, వంగినా, పగిలినా వాటి బదులు ఏవి వేయించాలన్నదే ఇవాళ్టి విషయం. ఆ కారు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. దొరికేదంతా బయటి సరుకే. అందులో ఏది ఎంచుకోవాలి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్త ఆర్మ్ చేతిలోకి తీసుకున్నప్పుడు దాని రంధ్రాలు ఎక్కడున్నాయో చూడండి, అందులో ఏ బుష్షు కూర్చుంటుందో చూడండి. మెరుపు, మందం, రంగు, ధర అన్నీ ఆ తర్వాతే. మన పరవాడ గాలికి, మన రోడ్డుకి కంపెనీ వేసిన మామూలు రేకు ఆర్మ్, మంచి రబ్బరు బుష్షు చాలు. ఆ మాట ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను.

అసలు పద్మినికీ విశాఖకీ చుట్టరికం ఉంది. వాల్‌చంద్ హీరాచంద్ పేరు మీరు వినే ఉంటారు. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ తరఫున విశాఖలో ఓడల కార్ఖానా పెట్టింది ఆయనే. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ దానికి శంకుస్థాపన చేశారు. అక్కడ కట్టిన ‘జల ఉష’ను 1948 మార్చి 14న నెహ్రూ నీళ్లలోకి దించారు. 1952లో అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. అదే వాల్‌చంద్ 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించారు. ఇటలీలో ఫియట్ వాళ్లు 1953లో తెచ్చిన 1100 మోడలే మన దగ్గర 1964లో డిలైట్‌గా, 1974 నుంచి ప్రీమియర్ పద్మినిగా నడిచింది. మన వైపు దాన్ని ఇప్పటికీ ఫియట్ కారు అనే అంటారు. ఓడనీ కారునీ ఒకే మనిషి ఈ దేశంలో కట్టించాలనుకున్నాడు. ఆ ఓడల కార్ఖానాలో పని నేర్చిన వెల్డర్ల చేతికే ఆ కారు ఆర్మ్ మరమ్మతుకి రావడం విశాఖలోనే సాధ్యం. నాకది ఎంతో ఇష్టమైన సంగతి.

ఇక ఆర్మ్ దగ్గరికి వద్దాం. కారు లేపి, స్టాండు పెట్టి, ముందు చక్రం విప్పితే పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ కనిపిస్తాయి. ఒక్కోదానికి లోపలి వైపు రెండు కాళ్లుంటాయి. ఆ కాళ్లు బాడీ వైపు బిగుస్తాయి. రెండూ కలిసిన బయటి కొన, స్టీరింగు తిప్పితే చక్రం తిరిగే ఇరుసు, అంటే కింగ్ పిన్ను, ఉండే భాగాన్ని పట్టుకుంటుంది. బరువు మోయడానికి కాయిల్ స్ప్రింగు, ఊపు ఆపడానికి షాక్ అబ్సార్బర్. లోపలి కాళ్లు బుష్షుల మీద ఊగుతాయి, తలుపు బందుల మీద ఊగినట్టు. తలుపుకి రెండు బందులూ ఒకే వరసలో లేకపోతే ఏమవుతుందో మనకి తెలుసు. కిర్రుమంటుంది, బిగుస్తుంది, చివరికి మేకులు ఊడతాయి. ఆర్మ్‌లోనూ అంతే. రెండు బుష్షుల రంధ్రాలు ఒకే గీత మీద లేకపోతే ఎంత ఖరీదైన ఆర్మ్ అయినా మొదటి రోజు నుంచే బుష్షుని నలిపేస్తుంది.

ఈ ఆర్మ్ మోసే బరువెంతో కాస్త లెక్క వేసుకుందాం. బండి ఖాళీ బరువు సుమారు 900 కిలోలు. నలుగురు ఎక్కితే ముందు ఒక్కో చక్రం మీద పావు టన్ను పడుతుంది. స్ప్రింగు కూర్చున్న చోటు ఆర్మ్‌కి సరిగ్గా నడిమధ్యలో ఉందనుకోండి, చక్రం దగ్గర 250 కిలోలు ఉంటే స్ప్రింగు దగ్గర 500 కిలోలవుతుంది. అది బండి నిలబడి ఉన్నప్పటి మాట. గోతిలో పడ్డ క్షణంలో అది రెండింతలో మూడింతలో అవుతుంది. అందుకే స్ప్రింగు మోసే ఆర్మ్‌నీ, మోయని ఆర్మ్‌నీ ఒకేలా చూడకూడదు. మొదటిది వంగకుండా ఉండాలి. రెండోది చక్రం వాలకుండా పట్టుకుంటే చాలు. బేరమాడేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. డబ్బు ఒకదాని మీదే పెట్టగలమనుకుంటే స్ప్రింగు మోసేదాని మీద పెట్టండి.

ఇంకో మాట. అంబాసడర్‌కి ముందు కాయిల్ స్ప్రింగు ఉండదు, టోర్షన్ బార్ ఉంటుంది. ఇప్పటి చిన్న కార్లకి కింగ్ పిన్ను ఉండదు, బాల్ జాయింట్ ఉంటుంది. ‘ఏ కారు ఆర్మ్ అయినా కొంచెం కోసి, కొంచెం అతికించి వేసేస్తాం’ అని ఎవరైనా అంటే ఆ షెడ్డు నుంచి బండి తీసుకుని వచ్చేయండి.

గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి ఆర్మ్ చూసే తీరు చెబుతాను. లోయర్ ఆర్మ్ బల్ల మీదికి వచ్చింది. ఓనరు కొత్తదాని ధర గురించి అడుగుతుంటే మేస్త్రి వినడం లేదు. ‘ముందు కడగనీండి బాబూ, మట్టి కింద ఏటుందో సూద్దాం’ అన్నాడు. డీజిలు పోసి, వైరు బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, ఎండలోకి పట్టుకెళ్లాడు. బుష్షు కూర్చునే గొట్టం ఆర్మ్‌కి అతికిన చోట, రంగు మీద, వెంట్రుక మందాన గోధుమరంగు గీత ఒకటి ఉంది. పైపై తుప్పయితే మచ్చలా పరుచుకుంటుంది. ఇది గీతలా సాగింది. అంటే లోపల బీట ఉంది, ఆ బీటలోంచి తుప్పునీళ్లు కారి రంగు మీద గీత పడింది. తర్వాత రెండు బుష్షులూ కొట్టించి, రంధ్రాల్లో సరిపోయే నున్నటి కడ్డీ ఒకటి దూర్చాడు. మొదటి రంధ్రంలోంచి జారిపోయిన కడ్డీ రెండో రంధ్రం అంచుకి తగిలి ఆగిపోయింది. ఆర్మ్ మెలిపడిందన్నమాట. ఆ ఆర్మ్‌ని పక్కన పెట్టేశాడు. కాల్చి, కొట్టి సాపు చేద్దామని ఓనరు అడిగినా ఒప్పుకోలేదు. ఆయన చేసిన పని సరైనదే. ఒకసారి మెలిపడిన ఇనుముని గ్యాసుతో ఎర్రగా కాల్చి సరిచేస్తే చూపుకి బాగానే ఉంటుంది. కానీ ఆ చోట దాని గుణం మారిపోతుంది, తర్వాతి గోతిలో ముందు అక్కడే లొంగుతుంది.

ఈ పరీక్షలో నెగ్గిన పాత ఆర్మ్ ఉంటే దానికి మించింది లేదు. చాలా బళ్లలో పోయేది ఆర్మ్ కాదు, బుష్షే. గతుకుల్లో టకటక కొట్టుకోవడం, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకి లాగడం, టైరు ఒక అంచే అరిగిపోవడం, ఇవన్నీ బుష్షు పోయినా వస్తాయి, కింగ్ పిన్ను అరిగినా వస్తాయి. రెండు వేల రూపాయల పనికి ఇరవై వేల సరుకు కొనకండి.

ఆర్మ్ విప్పినప్పుడు తప్పనిసరిగా చూడాల్సిన చోటు ఇంకోటుంది. పద్మినికి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ లేదు. బాడీయే ఎముకల గూడు. ఆర్మ్ బిగిసే చోట రేకు మీద రేకు వేసి వెల్డు చేసి ఉంటుంది. మన సముద్రపు గాలికి తేమా ఉప్పూ ఆ మడతల్లో చేరి లోపల్నుంచి తింటాయి. పైన అండర్‌కోటు నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడండి. మొన దిగిందంటే ముందు అక్కడ రేకు మార్పించాలి. పుచ్చిన రేకుకి ఎంత గొప్ప ఆర్మ్ బిగించినా ఒరిగేదేమీ లేదు.

సరే, ఆర్మ్ మార్చక తప్పదనుకుందాం. దొరికేవాటిలో అందరూ ముందు అడిగేది కంపెనీ పాత స్టాకు. గోదాములో మిగిలిపోయిన, ఎప్పుడూ బండెక్కని సరుకు. దొరికితే కళ్లకద్దుకుని తీసుకోండి. ఒక్క జాగ్రత్త. దాంట్లో అప్పుడే కొట్టి ఉంచిన రబ్బరు బుష్షులకి పాతికేళ్లు దాటి ఉంటాయి. వాడకపోయినా రబ్బరు గాలికే గట్టిపడుతుంది, నెర్రెలిస్తుంది. కాబట్టి ఇనుము ఉంచుకుని బుష్షులు మార్చేయండి. విప్పిన బళ్ల నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ ఆర్మ్ అయితే ఇందాక చెప్పిన కడగడం, కడ్డీ పరీక్ష చేయకుండా డబ్బులివ్వకండి. టాక్సీగా తిరిగిన బండిది అయితే ఇంకా జాగ్రత్త. ముంబయిలో పద్మిని నలుపు పసుపు టాక్సీలు 2023 అక్టోబరు దాకా తిరిగాయి. ఇరవయ్యేళ్లు రాత్రీ పగలూ తిరిగిన బండి ఆర్మ్ ఎంత పని చేసిందో దాని మీద రాసి ఉండదు.

తర్వాత బయటి కంపెనీలు పాత నమూనా చూసి చేసిన ఆర్మ్‌లు. ఇందులో మంచివీ ఉన్నాయి, కంటితో చూస్తే తేడా తెలియని నాసిరకమూ ఉంది. అందుకని కంటిని నమ్మొద్దు. మీ పాత ఆర్మ్ కూడా పట్టుకెళ్లండి. రెంటినీ తూకం వేయించండి. కొత్తది బాగా తేలిగ్గా ఉంటే రేకు పలచనిదని అర్థం. వెర్నియర్‌తో అంచు దగ్గర మందం కొలవండి. బుష్షు గొట్టం లోపలి వ్యాసాన్ని రెండు దిక్కుల్లో కొలవండి. రెండు కొలతలూ ఒకటి కాకపోతే రంధ్రం గుండ్రంగా లేదు, బుష్షు బిగువుగా కూర్చోదు. రంగు చాలా మందంగా ఉంటే దాని కింద వెల్డు దాగి ఉంటుంది. వెల్డు కనపడేలా ఒకచోట గీకి చూపించమనండి. ఒప్పుకోని కొట్టువాడి దగ్గర కొనాల్సిన అవసరం లేదు.

ఇప్పుడు పరవాడకే ప్రత్యేకమైన ఆశ ఒకటుంది. దాని గురించి కాస్త ఎక్కువే మాట్లాడాలి. ఫార్మా సిటీ పుణ్యమా అని ఈ చుట్టుపక్కల స్టెయిన్‌లెస్ స్టీలు పనివాళ్లు చాలామంది ఉన్నారు. రియాక్టర్లకి, ట్యాంకులకి, పైపులకి టిగ్ వెల్డింగ్ చేసేవాళ్లు. వాళ్ల వెల్డు చూస్తే ముచ్చటేస్తుంది. నాణేలు పేర్చినట్టు వరసగా, బంగారు నీలం రంగు ఛాయలతో. సహజంగానే పాత కారు ఉన్నవాడికి ఒక ఆలోచన వస్తుంది. తుప్పే కదా మన బాధ, 304 గ్రేడు ఎస్ఎస్‌తో ఆర్మ్‌లు చేయించేస్తే జన్మలో తుప్పు పట్టవు కదా అని. ఆలోచన అందంగానే ఉంది. కానీ వద్దు.

ఎందుకంటే 304 తుప్పుని తట్టుకుంటుంది గానీ వంచే బలాన్ని అంతగా తట్టుకోదు. ఇనుము శాశ్వతంగా వంగడం మొదలయ్యే హద్దుని యీల్డ్ అంటారు. 304కి నిర్దేశించిన కనీస యీల్డ్ 205 మెగాపాస్కల్. మనం గేట్లకీ షెడ్లకీ వాడే ఐఎస్ 2062 ప్లేటులో మామూలు ఈ250 రకానికే 250. అంటే నాలుగింతలు డబ్బు పెట్టి, గేటు ఇనుము కన్నా తొందరగా లొంగేదాన్ని చక్రం కింద పెట్టుకున్నట్టు. పైగా సముద్రం దగ్గర 304 నిజంగా తుప్పు పట్టదా అంటే అదీ లేదు. ఉప్పులోని క్లోరైడు దాని మీద సూదిమొన గుంటలు చేస్తుంది. బయటికి చిన్న చుక్కే, లోపలికి లోతు. గంటకి వెయ్యిసార్లు ఊగే వస్తువులో సూదిమొనంత గుంట నుంచే బీట మొదలవుతుంది. ఎస్ఎస్ ఆర్మ్ మామూలు ఇనుప బాడీకి తగిలిన చోట ఉప్పునీళ్లు చేరితే బాడీ ఇనుము మామూలుకన్నా వేగంగా కరుగుతుంది. అంటే ఆర్మ్‌ని కాపాడబోయి బాడీని పాడు చేసుకుంటాం. ఇక ఎస్ఎస్‌ని మామూలు ఇనుముకి అతికించాలంటే 309 రకం ఫిల్లర్ కడ్డీ వాడాలి. చేతిలో ఉన్న కడ్డీతో అతికించేస్తే ఆ అతుకు పెళుసవుతుంది. ట్యాంకు కదలకుండా నిలబడే వస్తువు, దానికి 304 సరిపోతుంది; ఆర్మ్ ఎప్పుడూ ఊగుతూ ఉండేది. ఆ వెల్డరు నైపుణ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆయన చెయ్యి మంచిదే, ఆయనకి మనం ఇచ్చే లోహం మంచిది కాదు.

బోల్టుల విషయంలోనూ ఇదే ఆశ. ఎస్ఎస్ బోల్టు మెరుస్తుంది, తుప్పు పట్టదు. దాని తల మీద ఏ2-70 అని ఉంటుంది. ఆర్మ్ బిగించే చోట ఉండాల్సింది కనీసం 8.8 అని గుర్తున్న బోల్టు. 8.8 బోల్టు 640 మెగాపాస్కల్ దాకా సాగకుండా నిలుస్తుంది, ఏ2-70 బోల్టు 450 దగ్గరే సాగుతుంది. సాగిన బోల్టు పట్టు వదులుతుంది. కాబట్టి 8.8కి జింకు పూత ఉన్నది తీసుకుని, బిగించాక మైనం లాంటి తుప్పు నిరోధకం పూయించుకోండి. నైలాన్ రింగు ఉన్న నట్టు ఒకసారి విప్పితే మళ్లీ వాడకండి. స్ప్లిట్ పిన్ను ఉన్నచోట ప్రతిసారీ కొత్తది పెట్టండి. పది రూపాయల పిన్ను దగ్గర పిసినారితనం వద్దు.

అమెరికాలో మస్టాంగ్, కమారో లాంటి పాత కార్లకి గొట్టంతో చేసిన ఆర్మ్‌లు పుష్కలంగా అమ్ముతారు. వాటి ఫొటోలు చూసి మన కుర్రాళ్లు కూడా అలాంటివి చేయించమంటున్నారు. అక్కడ అవి పుట్టడానికి కారణముంది. ఆ కార్లు పాత క్రాస్ ప్లై టైర్ల కాలంలో డిజైన్ అయ్యాయి. ఇప్పుడు వెడల్పాటి రేడియల్ టైర్లు, డిస్క్ బ్రేకులు, మూడింతల ఇంజను బలం వచ్చి చేరాయి. దానికి తగ్గట్టు చక్రం వాలు మార్చాలి, అది పాత ఆర్మ్‌తో కుదరదు. మన పద్మినిది 1089 సీసీ ఇంజను. మనం రేసుకి వెళ్లడం లేదు, పరవాడ నుంచి అనకాపల్లికి, గాజువాకకి వెళుతున్నాం. ఆ ఆర్మ్ తీర్చే కొరత మన బండిలో లేనేలేదు.

అయినా గొట్టంతోనే చేయించాలని ఎవరైనా పట్టుబడితే ఒక్కటి చెబుతాను. గొట్టాలన్నీ ఒకటి కావు. నీళ్లకీ గ్యాసుకీ వాడే గొట్టం ఐఎస్ 1239 కింద తయారవుతుంది. వాహనాలకి వాడే గొట్టానికి వేరే ప్రమాణం, ఐఎస్ 3074. బిల్లు మీద ఆ నంబరు ఉండాలి. రెండు కొనలూ గాలి చొరకుండా మూసి వెల్డు చేయాలి. లేకపోతే వానాకాలం నీళ్లు లోపల నిలిచి, బయట రంగు చెక్కుచెదరకుండా ఉండగానే లోపల సగం మందం కరిగిపోతుంది. రేకు ఆర్మ్‌కి ఉన్న గొప్ప సుగుణం ఇదే. దాని తుప్పు మన కంటికి కనపడుతుంది, కడిగితే మట్టి పోతుంది.

వెల్డు చేసిన ఏ ఆర్మ్‌కైనా బిగించేముందు డీపీ టెస్టు చేయించండి. షిప్‌యార్డులో, పాత బీహెచ్‌పీవీలో, స్టీలు ప్లాంటులో పనిచేసినవాళ్లకి ఇది మంచినీళ్ల ప్రాయం. వెల్డుని శుభ్రం చేసి ఎర్రటి ద్రవం పూస్తారు, కాసేపు ఉంచి తుడిచేస్తారు, పైన తెల్లటి పొడి చల్లుతారు. బీట ఉంటే లోపల దాగిన ఎరుపు తెలుపు మీదికి గీతలా వచ్చేస్తుంది. కళ్లతో చూడలేని బీటని ఆ ఎర్రగీత పట్టిస్తుంది. ఈ పని తెలిసిన మనిషి గాజువాకలో వీధికొకరు దొరుకుతారు. ఇంకే ఊళ్లో పాత కారు ఓనరుకీ ఇంత సుళువు లేదు, దీన్ని వాడుకోకపోవడం అన్యాయం.

ఇప్పుడు రంధ్రాల సంగతి. ఆర్మ్ బయటి కొనలో ఉన్న రంధ్రం ముందుకో వెనక్కో జరిగితే కింగ్ పిన్ను వాలు మారుతుంది. పక్క నుంచి చూస్తే కనపడే ఆ వాలునే కేస్టర్ అంటారు. మలుపు తిరిగాక స్టీరింగు దానంతటదే నిటారుకి రావడం ఆ వాలు వల్లే. పై కీలుకీ కింది కీలుకీ మధ్య 220 మిల్లీమీటర్ల ఎత్తు ఉందనుకోండి, ఒక రంధ్రం 3 మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిగితే వాలు దాదాపు ముప్పావు డిగ్రీ మారిపోతుంది. ఒకవైపే మారితే బండి రోడ్డు మీద ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. మీరు టైర్లు మారుస్తారు, బ్రేకులు చూపిస్తారు, స్టీరింగు బాక్సు విప్పిస్తారు. తప్పు మాత్రం ఆ మూడు మిల్లీమీటర్లలో ఉంటుంది. రంధ్రం స్థానం ఎంత ముఖ్యమో చూపించడానికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 1965లో షెల్బీ జీటీ350 అనే రేసు మస్టాంగ్‌కి మలుపుల్లో పట్టు పెంచడానికి కొత్త ఆర్మ్ చేయలేదు. ఫోర్డ్ ఇంజనీరు క్లౌస్ ఆర్నింగ్ లెక్క ప్రకారం అదే అప్పర్ ఆర్మ్ బిగించే రంధ్రాలని ఒక్క అంగుళం కిందికి దించారు. అంతే, బండి నడకే మారిపోయింది. ఒక్క అంగుళం మేలు చేసినట్టే, తెలియకుండా జరిగిన మూడు మిల్లీమీటర్లు చేటు చేస్తాయి.

కాబట్టి కొత్త ఆర్మ్‌ని పాతదాని పక్కన పెట్టి చూడటం చాలదు. చదునైన మందపాటి ప్లేటు మీద రెంటినీ పడుకోబెట్టి, రంధ్రాల కేంద్రాల మధ్య దూరాలు కొలిపించాలి. కుడి ఆర్మ్‌నీ ఎడమ ఆర్మ్‌నీ కూడా ఒకదానితో ఒకటి పోల్చాలి. లేత్ పని తెలిసినవాడికి ఇది పది నిమిషాల పని.

బుష్షు దగ్గరికొస్తే, మార్కెట్లో ఇప్పుడు రంగురంగుల పాలీయురేథేన్ బుష్షులు వస్తున్నాయి. ఎరుపు, పసుపు, నీలం. రబ్బరు కన్నా గట్టివి, నూనెకి పాడవవు, స్టీరింగు చురుగ్గా ఉంటుంది. నిజమే. కానీ రబ్బరు బుష్షు పని చేసే పద్ధతి వేరు. దాంట్లో లోపలి ఇనుప గొట్టం, బయటి గొట్టం, మధ్యన రబ్బరు అతికి ఉంటుంది. ఆర్మ్ ఊగినప్పుడు ఏదీ దేని మీదా జారదు, రబ్బరే మెలి తిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. అందుకే దానికి గ్రీజు అక్కర్లేదు, దుమ్ము దూరే సందు కూడా ఉండదు. పాలీ బుష్షు అలా కాదు. అది గొట్టం మీద జారుతూ తిరుగుతుంది. ఆ సందులోకి మన బూడిద దూరిందంటే గ్రీజుతో కలిసి సానపట్టే మందులా తయారవుతుంది. కొన్నాళ్లకి కీచుమంటుంది, తర్వాత గొట్టాన్నే అరగదీస్తుంది. రేసు కార్లకి వేసే లోహపు గుండు కీళ్లయితే బూడిదలో ఇంకా తొందరగా గుల్లవుతాయి. పైగా రోడ్డు మీది ప్రతి రాయి దెబ్బా నేరుగా బాడీకి చేరుతుంది. ఆ పాత రేకు మడతలు ఆ దెబ్బలు ఎన్నాళ్లు కాస్తాయి? రబ్బరు మెత్తగా ఉండడం లోపం కాదు, బాడీ ఆయుష్షు కోసం అలా చేశారు.

రబ్బరు బుష్షు వేయించేటప్పుడు చాలా షెడ్లలో జరిగే పొరపాటు ఒకటుంది, దయచేసి ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. బండి జాకీ మీద ఉండగా, చక్రం కిందికి వేలాడుతుండగా బుష్షు బోల్టుని పూర్తిగా బిగించేస్తారు. అప్పుడు ఆ వేలాడే భంగిమలోనే లోపలి గొట్టం బందీ అయిపోతుంది. బండి కిందికి దించగానే రబ్బరు ఒక వైపుకి పూర్తిగా మెలిపడి, నిలబడి ఉన్నప్పుడు కూడా ఆ మెలికలోనే ఉంటుంది. ఆరునెలల్లో చిరిగిపోతుంది. బోల్టుని వదులుగా ఉంచి, బండిని నాలుగు చక్రాల మీద దించి, ముందుకీ వెనక్కీ కాస్త నెట్టి, బానెట్ మీద రెండు మూడుసార్లు అదిమి వదిలి, అప్పుడు చివరి బిగింపు బిగించాలి. గొయ్యి ఉన్న షెడ్డయితే సులువు. లేకపోతే చక్రాల కింద దిమ్మలు పెట్టైనా సరే అలాగే చేయించండి. మంచి బుష్షు తొందరగా పోయిందంటే నూటికి తొంభైపాళ్లు కారణం ఇదేనని నా నమ్మకం.

స్ప్రింగు విప్పే పని ఇంటి దగ్గర చేయొద్దు. నొక్కిపెట్టిన స్ప్రింగులో వందల కిలోల బలం దాగి ఉంటుంది. జాకీ జారితే అది ఎటు ఎగురుతుందో చెప్పలేం. స్ప్రింగు కంప్రెసర్ ఉన్న షెడ్డుకే వెళ్లండి, లేదని చెప్పే మేస్త్రి గారికి నమస్కారం పెట్టి ఇంకో షెడ్డు చూసుకోండి.

ఆర్మ్‌లు మారాక వీల్ అలైన్‌మెంట్ తప్పదు. కంప్యూటరు ఉన్న సెంటర్లలో చాలాచోట్ల పద్మిని కొలతలు ఉండవు. అప్పుడు కుర్రాడు ఏదో చిన్న కారు పేరు నొక్కి, ఆకుపచ్చ గీత రాగానే అయిపోయిందంటాడు. వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఆ పేజీ జెరాక్సు తీసి జేబులో పెట్టుకెళ్లండి. అది క్రాస్ ప్లై టైర్లకి రాసిన కొలత అని, ఇప్పుడు వేసినవి రేడియల్ అని కూడా చెప్పండి. టైరు ఒత్తిడి సరిచేశాకే కొలత చూడాలి. కేస్టర్ ఎక్కువ పెట్టమని అడగకండి. పవర్ స్టీరింగు లేని బండి ఇది, పూర్ణా మార్కెట్ సందులో పార్కింగు చేసేటప్పుడు భుజాలు పడిపోతాయి.

చట్టం సంగతి కూడా చిన్నగా అనుకుందాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి మూల లక్షణాలని మార్చడాన్ని అడ్డుకుంటుంది. పాడైన భాగాన్ని అదే రకం భాగంతో మార్చడం మరమ్మతే. బాడీ కోసి కొత్త చోట బ్రాకెట్లు అతికిస్తే అది వేరే కథ. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, మొదటి రూపంలోనే ఉన్న బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టరు చేసుకోవచ్చు. తొలినాళ్ల పద్మినులకి ఇప్పుడు ఆ వయసు వచ్చింది. ఆ గుర్తింపు కావాలనుకునేవాళ్లు బాడీ జోలికి అసలు వెళ్లకండి. అయితే వింటేజ్‌గా నమోదైన బండిని రోజువారీ తిప్పడానికి వీల్లేదు. రోజూ డ్యూటీకి వేసుకెళ్లేవాళ్లు మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకోవాలి.

కొత్త ఆర్మ్‌లు బిగించాక ప్రతి నట్టు మీదా, దాని పక్క ఇనుము మీదా కలిసేలా తెల్ల పెయింటుతో ఒక గీత గీయించండి. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక చూస్తే గీత విరిగిందో లేదో ఇట్టే తెలుస్తుంది. విరిగితే నట్టు తిరిగినట్టు. కింగ్ పిన్ను గ్రీజు నిపుల్స్‌కి మాన్యువల్ చెప్పిన గడువులో సగానికే గ్రీజు కొట్టించండి. ఇటలీ వాళ్లు ఆ గడువు రాసినప్పుడు సింహాద్రి బూడిద వాళ్ల లెక్కలో లేదు. పాత గ్రీజు నల్లగా బయటికి వచ్చి, కొత్త గ్రీజు రంగు కనపడేదాకా కొట్టాలి. వానాకాలంలో వారానికోసారి మంచినీళ్లతో బండి కింద కడగండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ఆ నీళ్లు వాడొద్దు.

విప్పిన పాత ఆర్మ్‌లు వంగినవైనా, పగిలినవైనా పాత ఇనుము కింద తూకానికి వేసేయకండి. ఆ కారు డ్రాయింగులు మనకి దొరకవు. ఏ రంధ్రం ఎక్కడుండాలో చెప్పే ఆధారం ఆ పాత ఆర్మే. రెండువైపులవీ ఉంటే, వంగనిదాని నుంచి కొలతలు తీసి కాగితం మీద గీయించి, ఏ ఏడాది బండిదో, కుడిదో ఎడమదో చీటీ కట్టి, నూనె గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. రేపు గాజువాకలోనో చోడవరంలోనో ఇంకో పద్మిని ఓనరు ఆర్మ్ కోసం తిరుగుతుంటే మీ అటక మీది ఆ ముక్క అతనికి అవసరమవుతుంది.